ఉరిచెట్టు బొమ్మ, పేరులేని బందీ

గని మనిషి: 1896లో మషోనాలాండ్ భగ్గుమంది. ఇప్పటి జింబాబ్వేలో ఒక భాగం అది. గుడిసె పన్ను కట్టలేక, కంపెనీ పోలీసులు పశువుల్ని తోలుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేక, వెట్టికి పోలేక జనం తిరగబడ్డారు. ఆ మంట ఆరకముందే, 1897లో, దాని మీద ఇంగ్లీషులో ఒక కథ వచ్చింది. పేరు 'ట్రూపర్ పీటర్ హాల్కెట్ ఆఫ్ మషోనాలాండ్'. రాసింది మిషనరీ కూతురు ఆలివ్ ష్రైనర్. కథానాయకుడు ఎవరనుకుంటున్నారు? ఒక కుర్ర ఇంగ్లీషు సిపాయి. దారి తప్పి, రాత్రిపూట గుట్ట మీద నిప్పు రాజేసుకుని కూర్చుంటాడు. చీకట్లోంచి ఒకాయన వస్తాడు. ఆయన క్రీస్తని పాఠకుడు పోల్చుకుంటాడు, పీటరు పోల్చుకోలేడు. ఇక వాళ్లిద్దరి మాటలే. తిరగబడ్డవాడు ఏడీ అంటే, రెండో భాగంలో వస్తాడు, గాయాలతో, చెట్టుకి కట్టేసి ఉంటాడు. పేరు లేదు, మాట లేదు. టీచరమ్మ దీన్ని తిరుగుబాటు కథ అని కాలేజీ పిల్లలకి చెబుతున్నారు. అక్కడే పేచీ.

అధ్యాపకురాలు: పేచీ పెట్టుకుందాం అన్నా, కానీ కథ కన్నా ముందు అందులో ఒక ఫొటో ఉంది, దాన్ని దాటి పోవద్దు. అట్ట తీయగానే ఒక చెట్టు. కొమ్మలకి వేలాడుతున్న ముగ్గురు ఆఫ్రికన్లు. చుట్టూ తాపీగా నిలబడ్డ తెల్లవాళ్లు. బులవాయోలో తీసింది. లండన్‌లో పుస్తకం కొన్న పెద్దమనిషికి మొదట ఎదురైంది అదే. ఆయన పెట్టెలో రోడ్స్ కంపెనీ షేర్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. తర్వాతి ముద్రణల్లో ఆ ఫొటో తీసేశారు. 1974లో జొహానెస్‌బర్గ్ ముద్రణ వచ్చేదాకా తిరిగి చేరలేదు. అంతకాలం దాచారంటే అది ఎవరికో బాగానే గుచ్చుకుంది.

ఆమె ఎవరికి ఎదురెళ్లిందో కూడా చూడాలి. సెసిల్ రోడ్స్ 1896 జనవరి దాకా కేప్ కాలనీకి ప్రధాని. మషోనాలాండ్‌ని ఏలుతున్న బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీ ఆయన సృష్టి. ఆమె సొంత తమ్ముడు విలియం ష్రైనర్ ఆ రోడ్స్ మంత్రివర్గంలోనే అటార్నీ జనరల్‌గా పనిచేశాడు. అలాంటి ఇంటి ఆడపడుచు, రోడ్స్ పేరు దాచకుండా, పరువునష్టం దావా పడుతుందేమోనన్న భయం పెట్టుకునే అచ్చు వేయించింది. ఉరితీతలు ఇంకా నడుస్తున్న రోజుల్లో రాసిన పుస్తకం అది. వందేళ్ల తర్వాత తీరిగ్గా కూర్చుని రాసింది కాదు.

గని మనిషి: ధైర్యానికి దండం పెట్టాల్సిందే. అయితే ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో కథలో ఎంతవరకు ఉంది? 1890లో కంపెనీ దండు దిగింది. 1894లో గుడిసెకి 10 షిల్లింగుల పన్ను వేశారు. పన్ను ఖజానా నింపడానికే అనుకుంటే పొరపాటు. షిల్లింగు చేతికి రావాలంటే తెల్లవాడి పొలానికో గనికో కూలికి పోక తప్పదు. ఆ మీద పశువులకి మాయరోగం. 1895 చివర్లో కంపెనీ తరఫున అక్కడ పెత్తనం చేస్తున్న జేమ్సన్ ఉన్న పోలీసుల్ని వెంటేసుకుని ట్రాన్స్‌వాల్ మీదకి దాడికి పోయి పట్టుబడ్డాడు. కాపలా పలచబడిందని జనం గ్రహించారు. మార్చిలో పక్కనున్న మటబెలె జనం లేచారు, జూన్‌లో మషోనాలాండ్ జనం షోనాలు. అక్కడి తెల్ల వలసదారుల్లో సుమారు పదోవంతు చచ్చిపోయారు. షోనాలు గుహల్లో దాక్కుంటే డైనమైట్ పెట్టి పేల్చారు. వాళ్లెంతమంది పోయారో లెక్క రాసినవాడు లేడు.

అదీ కథ! కాలం చూసి దెబ్బకొట్టిన మనుషుల బుద్ధి అందులో ఉంది, వాళ్ల సలహాలు, గొడవలు, అంచనాలు ఉన్నాయి. ష్రైనర్ కథకి వెన్నెముక అది కాదు. ఆమె కథంతా ఒక తెల్ల కుర్రాడి గుండెలో జరుగుతుంది. మా తాతల్ని కోలారు గనుల్లోకి తోలడానికి గుడిసె పన్ను అక్కర్లేకపోయింది, కరువు చాలింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగేనాటికి 1876-78 కరువు దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వచ్చి వెదురు తడికల గుడిసెల్లో పడ్డారు. వాళ్ల మీద కథ రాస్తూ ఒక కార్న్‌వాల్ దొర పశ్చాత్తాపాన్ని నడిమధ్యన కూర్చోబెడితే ఎట్లా ఉంటుందో చెప్పండి.

అధ్యాపకురాలు: ఆ దొర పశ్చాత్తాపం మీ కోలారు బంగారు గనుల్లో, కేజీఎఫ్‌లో, చదవడానికి రాసింది కాకపోతే? కథ ఎవరి చేతికి అందాలని రాశారన్నదీ లెక్కలోకి రావాలి. షోనాలకి తమ మీద ఏం జరిగిందో ష్రైనర్ చెప్పనక్కర్లేదు. తెలియంది, తెలిసినా తెలియనట్టు ఉన్నది లండన్‌లో చందాలు ఇచ్చేవాళ్లకి, ఓట్లు వేసేవాళ్లకి. అందుకే ఆమె పీటర్‌ని రాక్షసుణ్ణి చేయలేదు. తల్లిని తలుచుకునే పల్లెటూరి పిల్లాడు. రోడ్స్‌లా, వజ్రాల దొర బార్నాటోలా పైసాకి పది చేసి ఇంటికి పోవాలని కలలు కంటాడు. ఆ పిల్లాడే ఊళ్లు కాల్చినట్టు, ఆడవాళ్లని ఉంచుకున్నట్టు మామూలు కబుర్లలా చెప్పుకుంటూ పోతాడు. చదివేవాడికి ఒళ్లు జలదరించేది అక్కడ. విలన్ని పెడితే పాఠకుడు చేతులు దులుపుకుంటాడు, తన కొడుకులాంటి వాణ్ణి పెడితే దులుపుకోలేడు.

ఇంకొకటి. ఆ కథలో తిరగబడ్డవాళ్లు లేరనడం పూర్తిగా నిజం కాదు. పీటర్ దగ్గర ఇద్దరు నల్ల స్త్రీలు ఉంటారు. పెద్దామె భయం నటించి, కాపలాకి తుపాకీ, తూటాలు కావాలని అడిగి తీసుకుంటుంది. పీటర్ తిరిగి వచ్చేసరికి ఇద్దరూ లేరు. తూటాలూ లేవు. అవి ఆమె మనుషులకి చేరాయి. పీటర్ దాన్ని నమ్మకద్రోహం అని వాపోతాడు, పాఠకుడు లోలోపల చప్పట్లు కొడతాడు. తిరుగుబాటు బుద్ధి కావాలన్నారు కదా, ఇదిగో.

గని మనిషి: ఆమె బాగుంది. ఒప్పుకుంటాను, ఆ పుస్తకం మొత్తంలో మా యూనియన్‌లో చేర్చుకోదగ్గ మనిషి ఆమే. అయినా ఆమె గురించి మనం వినేది ఎవరి నోట? మోసపోయినవాడి నోట. ఆ తూటాలు మోసుకుంటూ నడిచిన దారి ఎవరూ రాయలేదు. చివర్లో చూడండి, చెట్టుకి కట్టేసిన బందీని తెల్లారి కాల్చి చంపాలి. ఆ పని పీటర్‌కే పురమాయిస్తాడు కెప్టెన్. పీటర్ బతిమాలతాడు, వినకపోతే రాత్రి కట్లు విప్పేస్తాడు. బందీ చీకట్లో కలిసిపోతాడు, పీటర్ తూటాకి బలై ఆ చెట్టు కిందే పూడ్చబడతాడు. కన్నీళ్లు ఎవరికి? చచ్చిన సిపాయికి. బందీ ఎటు పోయాడు, మళ్లీ గొడ్డలి పట్టాడా, ఇంటికి చేరాడా, రచయిత్రి వెనక్కి తిరిగి చూడదు. విడుదలయ్యాక అతనితో కథకి పనిలేదు.

పుస్తకం ఎవరి కోసమో చెప్పారు కాబట్టి దాని ఫలితం కూడా అడగాలి. ఏడాది తిరిగాక ఆమే తమ్ముడికి ఉత్తరం రాసుకుంది. ఎంత అమ్ముడైనా అది ఒక్క నల్లవాడి ప్రాణం కాపాడిందన్న నమ్మకం తనకి లేదని, కంపెనీ ఏలుతున్న రొడీషియా వ్యవహారాల మీద పార్లమెంటు విచారణ తెప్పించడంలో ఏమాత్రం పనికిరాలేదని. ఇంతకన్నా నేను కొత్తగా అనేదేముంది?

అధ్యాపకురాలు: ఆమె నిజాయితీ అది. ఆమె చూసిన ఫలితం ఒక ఏడాదిది.

గని మనిషి: అప్పటికే నెహాండాని ఉరితీసేశారు.

అధ్యాపకురాలు: తీశారు.

గని మనిషి: అక్కడికి వద్దాం, ఎందుకంటే మిషన్ వాళ్ల కథనం అసలు రూపం అక్కడే కనిపిస్తుంది. 1898 ఏప్రిల్ 27, సాల్స్‌బరీ జైలు, ఇప్పటి హరారే. నెహాండా ఆత్మ పూనే చార్వే అనే స్త్రీ, కగూవి అనే మరో పూనకం మనిషి, ఇద్దరికీ ఉరి. దగ్గరున్నది చిషవాషా మిషన్ జెస్యూట్ పాదిరి ఫాదర్ రిఖార్ట్జ్. ఆయన తర్వాత రాసిన వృత్తాంతమే ఆ రోజుకి ముఖ్యమైన సాక్ష్యం. అందులో కగూవి చివరి ఘడియల్లో బాప్తిస్మం తీసుకుంటాడు, నెమ్మదిగా చస్తాడు. పాదిరి అతనికి పెట్టిన పేరు డిస్మాస్. క్రీస్తు పక్కన శిలువ మీద పశ్చాత్తాపపడ్డ దొంగ పేరు అది. భూమి పోగొట్టుకున్నవాడికి దొంగ పేరు పెట్టి స్వర్గానికి పంపారు! నెహాండా ఒప్పుకోలేదు. తన ఊరికి పోవాలంది, అరిచింది, ఆడింది, పెనుగులాడింది. పాదిరి కథలో ఆమె చావు వికారంగా ఉంటుంది, అతని చావు అందంగా ఉంటుంది. ఇక్కడే మిషనరీ చూపు పట్టుబడుతుంది. లొంగినవాడు మనిషి, లొంగనిది పూనకం. ష్రైనర్ దేవుణ్ణి నమ్మడం మానేసినా ఇంట్లో అబ్బిన కథల పోకడ మానలేదు. ఆమె కథకీ అదే ఎముక. పాపి, పశ్చాత్తాపం, బలి. షోనాల దేవతలకి అందులో చోటేదీ?

అధ్యాపకురాలు: ఆ డిస్మాస్ పేరు దగ్గర ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే. సమర్థించను. అయితే మిషన్ అంటే ఒకే ముఖం కాదు. 1896లో షోనాల మధ్య బతుకుతున్న బెర్నార్డ్ మిజెకి అనే క్రైస్తవ బోధకుణ్ణి చంపారు. అతను మొజాంబిక్ నుంచి వచ్చిన నల్లవాడు. పాదిరి బట్టలేసుకున్నవాళ్లంతా కంపెనీ మనుషులు కారు, కంపెనీకి ఎదురు లేచినవాళ్లంతా ఒకే వరసలో నిలబడినవాళ్లూ కారు.

ష్రైనర్ పుస్తకం ఏం సాధించిందన్నారు కదా. ఎసెక్స్‌లో ఒక పల్లె చర్చిలో ఆర్థర్ షర్లీ క్రిప్స్ అనే పాదిరి ఉండేవాడు. కవి. ఆ పుస్తకం చదివి మషోనాలాండ్ పోవాలని నిర్ణయించుకున్నాడు, 1901లో వెళ్లాడు. పోయినవాడు గవర్నరు బంగ్లా పక్కన కాపురం పెట్టలేదు. కాలినడకన వందల మైళ్లు తిరిగాడు. గుడిసె పన్ను పెంచబోతే మొట్టమొదట అడ్డుపడ్డవాళ్లలో ఒకడు. పొలాలు కొని, షోనా కుటుంబాల్ని అద్దె లేకుండా ఉండనిచ్చాడు. 1913లో 'బే-ట్రీ కంట్రీ' అని మషోనాలాండ్ మీద నవల రాశాడు. 1927లో 'యాన్ ఆఫ్రికా ఫర్ ఆఫ్రికన్స్' పుస్తకంలో భూమి హక్కుల గురించి నిలదీశాడు. చివరికి చూపు పోయింది, 1952లో అక్కడే చనిపోయాడు. మరోండా మషాను అనే చోట సమాధి. ఏటా ఆగస్టులో ఇప్పటికీ జనం పోగవుతారు. ఒక కథ ఒక మనిషిని కదిలించి యాభై ఏళ్లు అక్కడ నిలబెట్టింది. ఉత్తరం రాసిననాడు ష్రైనర్‌కి ఇది తెలియదు.

గని మనిషి: క్రిప్స్ మంచివాడే. మంచి దొరల్ని మేమూ చూశాం. మా జిల్లాలో ఎంతమంది తల్లులు కోలారు మిషన్ ఆసుపత్రిలో పురుడు పోసుకున్నారో లెక్కలేదు. ఆ ఆసుపత్రి కట్టింది అమెరికా మెథడిస్టులు. దానికి కృతజ్ఞత ఉంటుంది, ఉండాలి. అయితే క్రిప్స్ పొలంలో ఉన్న షోనాలు ఎవరి భూమిలో ఉన్నట్టు? పట్టా పాదిరి పేరున ఉంది. తాతలనాటి నేలలో అద్దె లేకుండా ఉండనివ్వడం దయ. తిరుగుబాటు అడిగింది దయ కాదు.

నల్ల పాదిరి గురించి అడిగితే నాకు ఇంకొకడు గుర్తొస్తాడు. న్యాసాలాండ్, ఇప్పటి మలావీ. జాన్ చిలెంబ్వే. అమెరికాలో వర్జీనియాలో చదివి 1900లో తిరిగొచ్చి సొంత మిషన్ పెట్టాడు, బడులు పెట్టాడు, ఇటుక గుడి కట్టాడు. మగొమెరో తోటలో కూలీల మీద దాష్టీకం, ఆపైన మొదటి ప్రపంచయుద్ధానికి తన మనుషుల్ని తోలుకుపోవడం చూసి 1914లో పత్రికకి ఉత్తరం రాశాడు. విన్నవాడు లేడు. 1915 జనవరి 23 రాత్రి లేచారు. తోట మేనేజరు తల నరికారు, ఆడవాళ్లని, పిల్లల్ని ముట్టుకోలేదు. ఫిబ్రవరి 3న చిలెంబ్వేని కాల్చి చంపారు. ఆ కథ ఎవరు రాశారు? జార్జ్ సిమియన్ మ్వాసె అనే మలావీ మనిషి, 1931-32లో, జోంబా జైల్లో కూర్చుని. అచ్చయింది 1967లో. ముప్పై అయిదేళ్లు కాగితాల్లో ఉండిపోయింది. ష్రైనర్ పుస్తకానికి రాసిన ఏడాదిలోనే లండన్‌లో అచ్చుకూటం దొరికింది. మీరు రచయిత్రి ధైర్యం గురించి మాట్లాడతారు, నేను అచ్చుకూటం ఎవరికి దొరుకుతుందో మాట్లాడుతున్నా.

అధ్యాపకురాలు: ఆ మాట బరువైనది. దానికి నా దగ్గర ఎదురు లేదు, ఒక ప్రశ్న ఉంది. మ్వాసె పుస్తకం దొరికింది కాబట్టి ష్రైనర్‌ని పక్కన పెట్టాలా? 1897 నుంచి అది అచ్చయ్యేదాకా డెబ్బై ఏళ్లూ అసలు ఏ పుస్తకమూ లేకుండా ఉంటే బాగుండేదా?

మన వాళ్లూ ఆఫ్రికాలో ఉన్నారు, అది కూడా చూడాలి. నెల్లూరు ప్రాంతం తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యగారిని నేటాల్‌కి మిషనరీగా పంపారు, చెరుకు తోటల్లోని తెలుగు కూలీల కోసం. మూడేళ్లకి అక్కడే బంబాటా తిరుగుబాటు. మిషనరీ కూడా తెలుగువాడే, కూలీ కూడా తెలుగువాడే, లేచినవాళ్లు జులూలు. బయటివాడు, లోపలివాడు అన్న గీత ఇక్కడ ఎక్కడ గీస్తారు?

గని మనిషి: గీత గీసింది దొర. కాంట్రాక్టు తీరిన మన కూలీ మీద ఏటా 3 పౌండ్ల పన్ను, జులూ మగవాడి మీద 1 పౌండు తలపన్ను. రెండూ ఒకే ఖజానాకి. గాంధీగారు ఆ యుద్ధంలో స్ట్రెచర్లు మోసే దళం పెట్టి సర్కారు వైపు వెళ్లారు, చివరికి ఎక్కువగా మోసింది గాయపడ్డ జులూల్నే. చెరుకు తోటలో ఉన్న తెలుగు ఆడమనిషి ఆ పక్క కొండల్లో తుపాకులు విన్నప్పుడు ఏమనుకుందో ఎవరైనా కథ రాస్తే, ష్రైనర్ని అవతల పెట్టి అది చదువుతా.

అధ్యాపకురాలు: సరే, మరి మన కథలు మనం ఎలా రాసుకుంటున్నాం? బయటివాళ్లు కేంద్రంలో తమ మనిషిని పెట్టుకున్నారని అంటున్నారు. 1922 నుంచి 1924 దాకా నడిచిన మన్యం పోరాటం చూడండి. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు, 1922 ఆగస్టులో. అల్లూరి సీతారామరాజు చుట్టూ పాటలు, సినిమాలు, విగ్రహాలు. ఆయన పక్కనే పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర ఎంతమందికి గుర్తున్నారు? మల్లుదొర 1952లో మొదటి లోక్‌సభకి గెలిచిన మనిషి. ఆయన బతికుండగానే కథలో పక్క పాత్ర అయిపోయాడు. మన్యం కొండల్లోని ముఠాదార్లూ కోయలూ లేపిన లావాలో మనకి కనిపించేది మైదానం నుంచి వెళ్లిన ఒక్క క్షత్రియ యువకుడు. దాన్ని రాసింది ఏ మిషనరీ కూతురూ కాదే. 2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. జీవితంలో ఎన్నడూ కలుసుకోని అల్లూరిని, కొమురం భీమ్‌ని కలిపి ఆడించి పాడించింది. ప్రపంచం చప్పట్లు కొట్టింది. కల్పన అని చెప్పే తీశారు. అయినా కోయ, గోండు పల్లెల మాట అందులో ఎంత?

నెహాండా సంగతీ అంతే. 1967లో టెరెన్స్ రేంజర్ అనే చరిత్రకారుడు ఆ తిరుగుబాటుకి పూనకం మనుషులే నాయకత్వమని రాశాడు. ఆ మాట విముక్తి పోరాటానికి బాగా ఉపయోగపడింది. తన ఎముకలు తిరిగి లేస్తాయని ఆమె అన్నట్టు పాటలయ్యాయి. పదేళ్లకే జూలియన్ కోబింగ్ లాంటివాళ్లు దాన్ని కాదన్నారు. 1998లో డేవిడ్ బీచ్ కాగితాలన్నీ తిరగేసి, ఆమె ఏ హత్యకి ఉరి తీయబడిందో ఆ హత్యలో ఆమె నిర్దోషి అయివుండొచ్చని వాదించాడు. 2021 మే 25న హరారే నడిబొడ్డున ఆమె నిలువెత్తు విగ్రహం ఆవిష్కరించారు. అది కంపెనీ ఉరితీసిన చార్వేనా, దేశం కల్పించుకున్న నెహాండానా? లోపలివాళ్ల కథలోనూ ఆ మనిషి నోరు మనకి వినపడదు.

గని మనిషి: ఈసారి గట్టిగానే తగిలింది. నిర్దోషి అయితే, వీరురాలిగా నిలబెట్టడం కూడా ఆమెకి ఒక రకంగా అన్యాయమే. బీచ్ మాట మింగుడుపడదు, అయినా మింగాలి.

అల్లూరి మాటకి నేను అడ్డుచెప్పను. పైగా నా ఇంటి దగ్గరే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. 2018లో 'కేజీఎఫ్' అని సినిమా వచ్చింది. దేశమంతా చూసింది. బానిసలు, కంచెలు, బొంబాయి నుంచి వచ్చి ఒంటిచేత్తో అందర్నీ విడిపించే మొనగాడు. అందులో గని ఊరు నారాచి, కల్పన. సినిమా మొనగాడు గనిలో అడుగుపెట్టే కాలానికి చాలా ముందే, 1956లోనే, అసలు గనుల్ని మైసూరు సర్కారు తీసేసుకుంది. ఇప్పుడు ఎక్కడికి పోయి కేజీఎఫ్ అన్నా మొనగాడి గురించి అడుగుతారు. అసలు ఏం జరిగింది? 1930లో కంపెనీ కూలీల వేలిముద్రలు తీసి రిజిస్టర్లు పెడతామంది. నేరస్తులమా అని పని ఆపేశారు. 21 రోజులు. అప్పటికి చెప్పుకోదగ్గ యూనియన్ లేదు, మొనగాడూ లేడు. వేలమంది షాఫ్టు దిగమన్నారు, అంతే. 1946లో 78 రోజుల సమ్మె. ఆ ఏడాది నవంబరు 4న కాల్పులు, ఆరుగురు చనిపోయారు. ఒక్క మనిషి చుట్టూ తిప్పడానికి కుదరని కథలు ఇవి. కాబట్టి నా పేచీ రంగుతో కాదు. తెల్లమ్మ చేసినా, మన డైరెక్టరు చేసినా ఒక్క గుండెనే చూపిస్తే మిగతా వేలమంది గుంపులో తలకాయలైపోతారు.

అధ్యాపకురాలు: అదే అయితే ష్రైనర్‌కి ఆ సినిమా కన్నా ఎక్కువ మార్కులు వేయాలి. ఆమె మొనగాడు ఎవర్నీ విడిపించలేదు, ఒక్కణ్ణి వదిలేసి చచ్చిపోయాడు. తన జనాన్ని పొగుడుకోలేదు, నిలదీసింది. మన సినిమాలు మనల్ని నిలదీస్తున్నాయా?

గని మనిషి: లేదు. మార్కులు వేస్తా. పాసు మార్కులే.

అధ్యాపకురాలు: మరి బీచ్ లాంటి చరిత్రకారుడి దగ్గర ఆగిపోలేని వాళ్లకి ఏం చెప్పాలి? 1993లో యివాన్ వీరా అనే జింబాబ్వే రచయిత్రి 'నెహాండా' నవల రాసింది. తేదీలు, కమిషనర్ల నివేదికలు వెతుక్కునేవాడికి అందులో పెద్దగా ఏం దొరకదు. గాలి, పుట్టుక, కలలు, ఆత్మల మాటలు ఉంటాయి. బీచ్ పద్ధతికి అది పూర్తి వ్యతిరేకం. అయినా షోనాల దేవతలకి చోటేదన్నారు కదా, అక్కడ ఉంది. మన కోలారు జిల్లా కురుడుమలెలో సోమేశ్వరుడి గుడి చూపిస్తూ ఊళ్లోవాళ్లు సగం జకణాచారి చెక్కాడు, సగం కొడుకు డంకణాచారి చెక్కాడు అని చెబుతారు. రెండు సగాల పనితనంలో తేడా చూపిస్తారు. శాసనం తెమ్మని ఎవరూ అడగరు. ఆ కథ తప్పో ఒప్పో గానీ, అది విన్నాక స్తంభాల మీద ఉలి దెబ్బల్ని ప్రతివాడూ ఆగి చూస్తాడు. వీరా చేసిన పని అలాంటిది. ష్రైనర్ చేసిందీ కొంత అలాంటిదే, ఉరిచెట్టు వైపు చూడనివాళ్లని చూసేలా చేసింది.

గని మనిషి: గుడి కథ వల్ల ఎవరి భూమీ పోలేదు టీచరమ్మా. తిరుగుబాటు కథల మీద కమిషన్లు వేస్తారు, చట్టాలు చేస్తారు. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జెండా పట్టుకున్నవాళ్ల మీద కాల్పులు జరిగాయి. విచారణకి మద్రాసు హైకోర్టు జడ్జిగా చేసిన వేపా రామేశంగారిని పెట్టారు. సర్కారు చెప్పిన చావుల లెక్కకీ, ఊరు చెప్పుకునే లెక్కకీ ఇవాళ్టికీ పొంతన లేదు. ఏ లెక్క పుస్తకంలోకి ఎక్కితే పిల్లలు అదే నిజమని పరీక్ష రాస్తారు. అందుకే ఎవరు రాశారో అడగడం మానను.

అధ్యాపకురాలు: మానొద్దు. అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఆ ఫొటో లేకపోతే, ఆ సిపాయి నోటి నుంచి జారిన మాటలు లేకపోతే, కంపెనీ మనుషులు మామూలుగా ఎలా మాట్లాడుకునేవాళ్లో మనకి ఇంత బాగా తెలిసేది కాదు. అది షోనా మనిషి రాయలేడు, ఆ నిప్పు పక్కన అతన్ని కూర్చోనివ్వరు కాబట్టి. దోచుకున్నవాళ్ల ఇంట్లో పెరిగిన మనిషే రాయగలిగిన పుస్తకం అది. దోపిడీ గురించి తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. తిరుగుబాటు గురించి తెలుసుకోవడానికి చాలదన్నది మీ మాట. నేను దాన్ని సగం ఒప్పుకుంటున్నా.

గని మనిషి: మిగతా సగం?

అధ్యాపకురాలు: తూటాలు పట్టుకుపోయిన ఆడమనిషి దగ్గర ఆగిపోయింది. ఆమెని ష్రైనర్ ఊహించకపోతే నాకు దొరికేది కాదు.

గని మనిషి: ఆమె మీద ఎవరైనా షోనా పిల్ల పెద్ద నవల రాయాలి. ఆమె దారి, ఆమె భయం, ఆమె భర్త, ఆమె దేవత. అదయ్యాక మీరు కాలేజీలో రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చెప్పండి, వెనక బెంచీలో కూర్చుని వింటాను. ఈలోగా మా సంగతి. 1930 సమ్మె మనుషులు పోయారు, మనవలు, మనవరాళ్లు చాంపియన్ రీఫ్‌లో, మారికుప్పంలో ఇంకా ఉన్నారు. ఏటా నవంబరు 4న ఆ ఆరుగురికీ దండలు వేస్తారు. తెలుగులో, తమిళంలో, కన్నడంలో ఈ గనుల మీద నవలో సినిమానో తలపెట్టినవాళ్లు ఆ రోజుకి రైలెక్కి రండి, స్క్రిప్టు రాయకముందే రండి.